మొదటి సంవత్సరం పోలో జీటీ కొనాలంటే: నల్లగొండ, పాలమూరు వాళ్ళకి

"అన్నా, స్పోర్ట్స్ కారు తీసుకుందామనుకుంటున్న. పైసలు మాత్రం తక్కువున్నయి."

తమ్ముడి వరుసయ్యే పిల్లవాడొకడు మొన్న ఫోన్ చేసి అన్న మాట. వాడిది దేవరకొండ దగ్గర ఊరు. అక్కడి నుంచి నల్లగొండ వచ్చేలోపు ఎన్ని స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయో నాకంటే వాడికే బాగా తెలుసు. నేలకి బెత్తెడు ఎత్తులో ఉండే రెండు తలుపుల కారు తెచ్చుకుంటే మొదటి ఊరు దాటకముందే కడుపు గీరుకుంటుంది. అందుకే ఇటువైపు కుర్రాళ్ళు ఎన్ని కార్లు చూసినా చివరికి వచ్చి ఆగేది ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ పోలో జీటీ టీఎస్ఐ దగ్గర. పైకి ఇంటి కారే. ఐదు తలుపులు, వెనక అమ్మానాన్నలు కూర్చోవచ్చు, ఊళ్ళో ఎవరూ "ఇదేం కారు" అని అడగరు. కాలు నొక్కితే మాత్రం వేరే బండి.

వాడు చూసిపెట్టుకున్నది 2013 మోడల్. అంటే ఆ కారు మన దేశంలో మొదలైన సంవత్సరం. 2013 ఏప్రిల్‌లో ఎనిమిది లక్షల లోపు ఎక్స్ షోరూం ధరతో వచ్చింది. 1,197 సీసీ టర్బో పెట్రోల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, 105 పీఎస్ పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్ (అంటే లాగే బలం), ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్. ఆ ధరలో అలాంటి ఇంజిన్, అలాంటి గేర్‌బాక్స్ అప్పటికి మన దగ్గర కొత్త. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రాగానే ఈ ఇంజిన్, ఈ గేర్‌బాక్స్ రెండూ పోయాయి, వాటి స్థానంలో వేరేవి వచ్చాయి.

పాత కారు కొనడం గురించి సలహాలు ఎక్కడైనా దొరుకుతాయి. మొదటి సంవత్సరం కారుకి మాత్రం అదనంగా ఒక ప్రశ్న ఉంటుంది, నేను చూసినంతలో చాలామంది దాన్ని అడగరు. "బండి ఎలా నడుస్తోంది?" అని అడిగితే ఎవరైనా "మక్ఖన్ లెక్క" అనే చెప్తారు. అడగాల్సింది అది కాదు: తర్వాత కంపెనీ తన తప్పు తెలుసుకుని మార్చినవి ఈ బండిలో మార్చారా? మార్చినట్టు కాయితం ఉందా? కింద చెప్పేవన్నీ ఈ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

ముందు ఇంట్లో కూర్చునే చేయాల్సినవి

అమ్మే మనిషిని ఆర్‌సీ ఫోటో రెండు వైపులా పంపమనండి. పంపడానికి నసిగితే ఆ బండి సంగతి అక్కడితో వదిలేయండి.

ఆర్‌సీలో మొదట చూడాల్సింది సీసీ. నవ్వుకోకండి, దీనికి కారణం ఉంది. మామూలు పోలో 1.2 పెట్రోల్ మూడు సిలిండర్ల ఇంజిన్, అది 1,198 సీసీ. జీటీ టీఎస్ఐ 1,197. ఒక్క సీసీ తేడా. వెనక డిక్కీ మీద అంటించే "జీటీ" బ్యాడ్జి ఏ యాక్సెసరీస్ షాపులో అయినా దొరుకుతుంది కాబట్టి బ్యాడ్జిని నమ్మొద్దు. ఇంకో మెలిక ఏంటంటే 2013లోనే జీటీ టీడీఐ అని డీజిల్ కూడా వచ్చింది. అది మాన్యువల్ గేర్ల బండి. అదీ మంచిదే కానీ మనం మాట్లాడేది దాని గురించి కాదు. కాళ్ళ దగ్గర రెండు పెడల్స్ మాత్రమే ఉండాలి, ఆర్‌సీలో పెట్రోల్ అని ఉండాలి, 1,197 ఉండాలి. అప్పుడు ముందుకెళ్ళండి.

తర్వాత, తయారైన నెల. రిజిస్ట్రేషన్ తేదీ వేరు, తయారీ తేదీ వేరు. 2014 జులైలో పోలోకి ఫేస్‌లిఫ్ట్ వచ్చింది, అంటే పై రూపు మార్చారు, బంపర్లు మారాయి. 2013లో తయారైన బండికి తర్వాతి మోడల్ బంపర్ ఉంటే అది షోకుకి పెట్టించిందా, గుద్దుకుంటే మార్చిందా అని అడగండి. జవాబు చెప్పేటప్పుడు మొహం చూడండి.

ఇక నంబర్ ప్లేటు. 2013 అంటే తెలంగాణ రాకముందు. కాబట్టి ఆ సంవత్సరంలో ఇక్కడ రిజిస్టరైన ఏ కారుకైనా ఏపీ నంబరే ఉంటుంది. "ఏపీ బండి, వద్దు" అని పక్కన పెట్టేవాళ్ళని చూశాను. తొందరపడకండి. ఏపీ 24 అంటే నల్లగొండ. ఏపీ 22 మన పాలమూరు. ఏపీ 28, 29 రంగారెడ్డి, ఏపీ 09 హైదరాబాద్. ఇవన్నీ ఇక్కడి బండ్లే, పేరు మార్పిడి మామూలుగా ఇక్కడి ఆఫీసుల్లోనే అవుతుంది.

ఏపీ 21 అయితే కర్నూలు, ఏపీ 07 గుంటూరు, ఏపీ 16 కృష్ణా. గద్వాల, అలంపూర్ వైపు వాళ్ళకి కర్నూలు బండ్లు, కోదాడ, మిర్యాలగూడ వాళ్ళకి గుంటూరు, విజయవాడ బండ్లు ఎక్కువగా తగులుతాయి. ఇప్పుడు అవి వేరే రాష్ట్రం కిందికి వస్తాయి. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. లైఫ్ టాక్స్ సంగతి బండి వయసు మీద, అప్పటి ధర మీద ఆధారపడి ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్టరైన బండికి లెక్క ఎలా కడతారన్నది కొనకముందే మీ జిల్లా రవాణా ఆఫీసుకి వెళ్ళి ఆర్‌సీ కాపీ చూపించి అడగండి. బ్రోకర్ చెప్పే లెక్క నమ్మి కొంటే తర్వాత కిరికిరి మీదే. పక్క రాష్ట్రం బండి యాభై వేలు తక్కువకి వస్తోందంటే ఆ యాభై వేలు ఎక్కడ పోతాయో చాలాసార్లు ఇక్కడే తేలుతుంది.

పనిలో పనిగా ఇంకో లెక్క. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. 2013 బండికి 2028లో గడువు ముగుస్తుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ టాక్స్ కట్టి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవచ్చు. కొనేటప్పుడు బేరంలో ఈ మాట వాడుకోండి, అమ్మే వాళ్ళు తమంతట తాము గుర్తు చేయరు.

పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో నంబరు కొట్టి పెండింగ్ చలాన్లు చూడండి. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ చలాన్ల మీద ఉండే చోట్లు బండి చరిత్ర చెప్తాయి. మాదాపూర్, గచ్చిబౌలి చలాన్లే ఉంటే అది ఐటీ ట్రాఫిక్‌లో నలిగిన బండి. చిట్యాల, నార్కట్‌పల్లి దగ్గర ఓవర్ స్పీడ్ చలాన్లు ఉంటే హైవే మీద తిరిగిన బండి. వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ ఈ కారు విషయంలో నేను ఆ ఓవర్ స్పీడ్ బండి వైపే మొగ్గుతాను. ఎందుకో గేర్‌బాక్స్ దగ్గర చెప్తాను.

పొద్దున్నే వెళ్ళండి, చల్లటి ఇంజిన్ వినండి

అమ్మే వాళ్ళకి ఒకటే షరతు పెట్టండి: మేము వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు. వెళ్ళగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే "ఇప్పుడే పక్కకి తీశానన్నా" అంటారు. పక్కకి తీయడానికి అంత వేడెక్కదు.

ఇంత పట్టుదల ఎందుకంటే 2013 నాటి ఈ 1.2 టీఎస్ఐ ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు లేదు, చైన్ ఉంటుంది. ఆ చైన్ సాగితే మొదట తెలిసేది చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు మూడు సెకన్లలో. గొలుసు డబ్బాలో వేసి ఊపినట్టు గరగర శబ్దం వస్తుంది. ఆయిల్ పైకి ఎక్కగానే తగ్గిపోతుంది. వేడెక్కిన ఇంజిన్‌లో ఆ శబ్దం వినపడదు, అందుకే కొందరు ముందే వేడి చేసి పెడతారు. ఒకరు స్టార్ట్ చేయండి, ఒకరు బానెట్ తీసి పక్కన నిలబడండి. ఫోన్‌లో వీడియో కూడా తీయండి, తర్వాత మెకానిక్‌కి వినిపించొచ్చు. శబ్దం వస్తే చైన్, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ మార్చారా, బిల్లు ఉందా అని అడగాలి. చైన్ పళ్ళు దాటితే ఇంజిన్‌కే దెబ్బ. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

తర్వాత కూలెంట్ డబ్బా. మన జిల్లాల బండ్లలో నేను మొదట చూసేది ఇదే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీయాలి సుమా. ఈ కారులో పోసే కూలెంట్ గులాబీ లేదా ఊదా రంగులో ఉంటుంది. డబ్బాలో మామూలు నీళ్ళు కనిపించినా, లోపలి గోడలకి తెల్లటి పొర పట్టినా ఎవరో బోరు నీళ్ళు పోశారని అర్థం. నల్లగొండ బోరు నీళ్ళ సంగతి మీకు చెప్పక్కర్లేదు. స్టీలు బిందెకి, గీజర్ రాడ్‌కి పట్టే ఆ తెల్ల పొరే రేడియేటర్ లోపలా పడుతుంది. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో టర్బో ఇంజిన్‌కి అది చాలు. నేనే ఒకసారి ఇలాంటి బండి కొన్నాను, ఈ మోడల్ కాదులెండి. డబ్బాలో నీళ్ళు చూసి "కూలెంట్ మార్పిస్తే సరిపోతుంది" అనుకున్నాను. ఎండాకాలం వచ్చేసరికి రేడియేటర్, వాటర్ పంపు, థర్మోస్టాట్ వరసగా మార్చాల్సి వచ్చింది. తప్పు కారుది కాదు, అంతకుముందు పోసిన బిందెలది, చూసి కూడా కొన్న నాది.

డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండి. ఎప్పుడు మార్చారు, ఏ ఆయిల్ పోశారు? టర్బో ఇంజిన్‌కి ఫోక్స్‌వ్యాగన్ 502 00 ప్రమాణం ఉన్న సింథటిక్ ఆయిల్ పోయాలి. "మన షాపులో ఉండేదే పోస్తాం" అన్న జవాబు వస్తే టర్బో మీద అనుమానం పెట్టుకోండి. ఇంజిన్ వేడెక్కాక ఒకసారి గట్టిగా రేజ్ చేసి వదిలి సైలెన్సర్ వైపు చూడండి. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోందని. ఐడిలింగ్‌లో వణుకుతుంటే కాయిల్స్, ప్లగ్గులు కావచ్చు, లేదా వాల్వుల మీద కార్బన్. ఈ ఇంజిన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది, మామూలు ఇంజిన్‌లోలా వాల్వుల మీద పడి వాటిని కడగదు. పన్నెండేళ్ళు దాటిన బండిలో కొంత మసి పట్టడం మామూలే, శుభ్రం చేయించుకోవచ్చు. దీనికోసం కారు వదులుకోనక్కర్లేదు.

పెట్రోల్ మాట వచ్చింది కాబట్టి: ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. 2013 కారు దానికోసం చేసింది కాదు. ఫ్యూయల్ పైపులు, రబ్బర్లు పగిలాయా, పెట్రోల్ వాసన వస్తోందా చూడండి.

గేర్‌బాక్స్: అసలు కథ ఇక్కడే

ఈ కారు కొన్నవాళ్ళు సంతోషంగా ఉన్నా, ఏడ్చినా ఎక్కువసార్లు కారణం డీఎస్‌జీ. అందుకే ఇక్కడ తీరిగ్గా కూర్చోండి.

ఇది ఒక డబ్బాలో రెండు గేర్‌బాక్సులు అనుకోండి. ఒక క్లచ్ మీద 1, 3, 5, 7 గేర్లు. ఇంకో క్లచ్ మీద 2, 4, 6, రివర్స్. మొదటి గేర్లో వెళ్తుండగానే రెండోది సిద్ధంగా ఉంటుంది, అందుకే గేరు మారినట్టే తెలియదు. ఈ రెండు క్లచ్‌లనీ నడిపేది మెకట్రానిక్ అనే భాగం. కంప్యూటర్, హైడ్రాలిక్ పంపు, వాల్వులు అన్నీ ఒకే డబ్బాలో, మెదడూ చేతులూ కలిపి బిగించినట్టు. అది పోతే లక్ష దాటిన ఖర్చు. ఈ గేర్ల విభజన గుర్తుంచుకుంటే మీకే కొంత రోగం తెలుస్తుంది: రివర్సూ, సరి సంఖ్య గేర్లూ కలిసి మొరాయిస్తే ఒక క్లచ్ వైపు, బేసివి మొరాయిస్తే రెండో వైపు.

రెండు క్లచ్‌లూ పొడివి, అంటే ఆయిల్‌లో మునిగి ఉండవు. ఆటోమేటిక్ కాబట్టి ట్రాఫిక్‌కి మంచిదని అందరూ అనుకుంటారు కదా, ఈ గేర్‌బాక్స్‌కి ట్రాఫిక్కే శత్రువు. అడుగు కదిలి ఆగి, అడుగు కదిలి ఆగి వెళ్తే క్లచ్ జారుతూ వేడెక్కుతుంది, చల్లార్చడానికి ఆయిల్ లేదు. అందుకే ఎల్బీనగర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్ళొచ్చిన 60 వేల కిలోమీటర్ల బండికంటే, నల్లగొండ నుంచి హైదరాబాద్‌కి 65వ నంబరు హైవే మీద తిరిగిన లక్ష కిలోమీటర్ల బండి నాకు నయం. మీటర్ తక్కువుందని మురిసిపోవద్దు, ఎక్కడ తిరిగిందో అడగండి.

ఇప్పుడు మొదటి సంవత్సరం సంగతి. 2013 నవంబరులో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా ఈ ఏడు గేర్ల డీఎస్‌జీ ఉన్న దాదాపు 16 లక్షల కార్లని వెనక్కి పిలిచింది. గేర్‌బాక్స్‌లో పోసిన సింథటిక్ ఆయిల్ వల్ల, ముఖ్యంగా వేడి, తేమ ఎక్కువున్న చోట్ల, లోపల కరెంటు సమస్య వచ్చే అవకాశం ఉందని తేలింది. ఆ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోయాలన్నారు. మీరు కొనబోయే బండి సరిగ్గా ఆ కాలంలో తయారైంది. ఛాసిస్ నంబర్ రాసుకుని అధీకృత సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి మూడు ప్రశ్నలు అడగండి. ఈ నంబర్ మీద రీకాల్ ఏమైనా ఉందా, ఆ పని జరిగిందా? గేర్‌బాక్స్ ఆయిల్ మార్చినట్టు రికార్డు ఉందా? మెకట్రానిక్ గానీ క్లచ్ సెట్ గానీ మార్చారా? చివరిదానికి "అవును" అని వస్తే చాలామంది భయపడి వెనక్కొస్తారు. నేనైతే బిల్లు తీసుకుని సంతోషిస్తాను. పన్నెండేళ్ళ కిందటి మొదటి విడత భాగం కంటే తర్వాత వచ్చిన భాగం ఉన్న బండే మేలు.

నడిపి చూడటం ఇలా. బ్రేకు తొక్కి పట్టి పార్కింగ్ నుంచి రివర్స్‌కి, అక్కడి నుంచి డ్రైవ్‌కి మార్చండి. ఆలస్యం ఉండకూడదు, కింద నుంచి ధబ్‌మని శబ్దం రాకూడదు. తర్వాత యాక్సిలరేటర్ ముట్టుకోకుండా బ్రేకు మాత్రం వదలండి. బండి తనంతట తాను మెల్లగా కదలాలి. ఒకటి నుంచి రెండులోకి మారేటప్పుడు ఎడ్లబండి రాళ్ళ మీద వెళ్ళినట్టు వణికితే క్లచ్ అరిగినట్టే. దీనికి నల్లగొండలో గడియారం సెంటర్, మహబూబ్‌నగర్‌లో సాయంత్రం పూట కొత్త బస్టాండ్ రోడ్డు మంచి పరీక్ష హాళ్ళు.

ఎత్తు కూడా కావాలి. పాలమూరు వాళ్ళు మన్యంకొండ గుట్ట రోడ్డు, నల్లగొండ వాళ్ళు చెరువుగట్టు గుట్ట రోడ్డు తీసుకోండి. దారిలో ఒకచోట ఆపి మళ్ళీ ఎక్కించండి. హిల్ హోల్డ్ ఉన్న కారు కాబట్టి బ్రేకు వదిలాక క్షణం వెనక్కి జారకూడదు. రివర్స్‌లో కూడా ఎత్తెక్కించండి, ఆ క్లచ్ బలహీనంగా ఉంటే అక్కడే బయటపడుతుంది. దేవుడి దర్శనం కూడా అవుతుంది, అమ్మే వాళ్ళు కాదనరు.

అప్పుడు హైవే. జడ్చర్ల నుంచి భూత్పూర్ వైపు గానీ నార్కట్‌పల్లి దగ్గర గానీ మాన్యువల్ మోడ్‌లో ఒక్కో గేరూ పైకి వేస్తూ ఏడు దాకా వెళ్ళండి. ఖాళీ రోడ్డు మీద ఒకసారి గట్టిగా తొక్కండి. ఇంజిన్ ముల్లు పైకి లేచి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఇదంతా అరగంట పైనే పట్టాలి. ఎందుకంటే అసలు పరీక్ష తర్వాత ఉంది: వేడెక్కిన బండితో మళ్ళీ మొదటి నుంచి రివర్స్, డ్రైవ్, మెల్లగా కదలడం చేసి చూడండి. చల్లగా బుద్ధిగా ఉండి వేడెక్కాక మొండికేసే మెకట్రానిక్‌లు ఉంటాయి. డ్యాష్‌బోర్డు మీద గేరు అక్షరం మిణుకుమిణుకుమంటే, స్పానర్ గుర్తు వస్తే, అక్కడితో ఆపి ఇంటికి రండి.

చివరగా స్కాన్. వీసీడీఎస్ లాంటి ఫోక్స్‌వ్యాగన్ కార్లకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఉన్న మనిషిని పట్టుకోండి. ఊళ్ళో దొరక్కపోతే బండిని హైదరాబాద్ తీసుకెళ్ళడానికి అమ్మే వాళ్ళని ఒప్పించండి, డీజిల్ ఖర్చు, సారీ, పెట్రోల్ ఖర్చు మీరే పెట్టుకోండి. పీ17బీఎఫ్, పీ189సీ అనే కోడ్‌లు వస్తే మెకట్రానిక్‌లో హైడ్రాలిక్ ప్రెషర్ నిలబడటం లేదని. కొందరు ముందురోజే కోడ్‌లు చెరిపేసి పెడతారు, కాబట్టి స్కాన్ అరగంట నడిపిన తర్వాతే చేయించండి.

రీమ్యాప్ చేయించారా, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్పించి పవర్ పెంచారా అని కూడా అడగండి. ఈ కారుని కొన్నవాళ్ళలో కుర్రాళ్ళు ఎక్కువ, ఊరుకోరు. ఈ గేర్‌బాక్స్ తట్టుకునేది 250 న్యూటన్ మీటర్ల వరకే. ఇంజిన్‌ని దాని దగ్గరదాకా పెంచి రోజూ సిగ్నల్ దగ్గర దూకించిన బండి మనకెందుకు?

మిగతావి త్వరగా

డోరు రబ్బర్లు లాగి వెల్డింగ్ చూడండి. బానెట్ బోల్టుల మీద పెయింట్ చిట్లితే విప్పారని. అద్దాల మీద ఉండే సంవత్సరం గుర్తులు ఒకదానితో ఒకటి కలవాలి. టైర్ల మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది, చివరి రెండూ సంవత్సరం. ఆరేళ్ళు దాటిన టైర్లకి గాడి ఎంతున్నా బేరంలో కొత్త టైర్ల ధర తీసేయండి. ఏసీ పది నిమిషాల్లో చల్లబరచాలి, లేకపోతే మన ఎండల్లో ఆ కారు మీ ఇంట్లో ఎవరూ ఎక్కరు. రెండు తాళాలూ ఇవ్వాలి.

మునిగిన బండేమో తప్పకుండా చూడండి. 2020 అక్టోబరు వానలకి హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరు మొదట్లో కోదాడ వైపు ఎన్నో కార్లు నీళ్ళలో నిలబడ్డాయి. సీటు బెల్టు చివరిదాకా లాగండి, లోపల దాగిన భాగం మీద బురద గీత ఉంటుంది. స్టెప్నీ కింద, సీట్ల పట్టాల మీద తుప్పు చూడండి. డీఎస్‌జీ ఉన్న కారు నీళ్ళలో మునిగిందంటే ఎంత తక్కువకిచ్చినా నేను తీసుకోను.

బేరం, బయానా

ధర మాట్లాడేముందు ఒక లెక్క వేసుకోండి. మీ దగ్గరున్న డబ్బులో మూడో వంతు పక్కన పెట్టి, మిగిలినదే కారు బడ్జెట్ అనుకోండి. ఆ మూడో వంతు గేర్‌బాక్స్‌ది. వాడుకోవాల్సిన పని పడకపోతే మీ అదృష్టం. మొత్తం పోసి కొని, ఆరు నెలలకి రిపేరుకి డబ్బుల్లేక బండి మీద కవర్ కప్పి పెట్టినవాళ్ళు నాకు తెలుసు.

నచ్చితే బయానా ఇవ్వండి, కానీ తక్కువ. నేను ఒకప్పుడు ఒక ఆటో కన్సల్టెన్సీలో మాటలు నమ్మి ఎక్కువ మొత్తం చేతిలో పెట్టేశాను. ఆర్‌సీ మీద బ్యాంకు ఫైనాన్స్ ఇంకా ఉంది. "వారంలో తీసేస్తామన్నా, ఫికర్ చేయకు" అన్నారు. నాలుగు నెలలు తిరిగాను. అప్పు తీర్చకుండా బ్యాంకు వాళ్ళు ఎన్‌ఓసీ ఇవ్వరు, నా డబ్బు ఆ కన్సల్టెన్సీ వాళ్ళు ఇంకో బండిలో పెట్టారు. కాబట్టి ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీ మీద ఫైనాన్స్ తీసేయడానికి సంతకం చేసిన ఫారం 35 కళ్ళారా చూశాకే బయానా. తెల్ల కాయితం మీదైనా సరే బండి నంబరు, ఛాసిస్ నంబరు, ధర, మిగతా డబ్బు ఎప్పుడిస్తారు, ఏ కాయితం రాకపోతే బయానా వెనక్కివ్వాలి అన్నవి రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి.

పేరు మార్పిడి

ఫారం 29, ఫారం 30 మీద యజమాని సంతకాలు ఆర్‌సీలోని సంతకంతో కలవాలి. "ఓపెన్ సంతకాలున్నాయి, నీకు ఇష్టమొచ్చినప్పుడు చేయించుకో" అనే బండ్లు మధ్యలో ముగ్గురు నలుగురి చేతులు మారి వస్తాయి. అసలు యజమానితో మాట్లాడకుండా తీసుకోవద్దు. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లో అమ్మినాయన రవాణా శాఖకి తెలపాలి, కొన్నవాళ్ళు 30 రోజుల్లో. అమ్మినాయన బద్ధకిస్తే ఒక మాట చెప్పండి: రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు వాళ్ళే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట విన్నాక ఆయనే స్లాట్ బుక్ చేయించి ముందు వచ్చి కూర్చుంటాడు.

ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, కాబట్టి ప్రీమియం కొంచెం పెరుగుతుంది. తగాదా పడకండి.

ఇంటికి తెచ్చాక

మొదటి వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్రేక్ ఆయిల్ మార్పించండి, అంతకుముందు చేయించామని ఎవరు చెప్పినా సరే. మిర్యాలగూడ వైపు మిల్లుల దగ్గర తిరిగే బండైతే ఎయిర్ ఫిల్టర్ తరచూ తీసి చూడండి, ఊక దుమ్ము పొరలు పొరలుగా ఉంటుంది. గేర్‌బాక్స్ ఆయిల్ రికార్డు లేకపోతే దాన్నీ మార్పించండి, మినరల్ ఆయిలేనని అడిగి మరీ. కూలెంట్ ఒక లీటరు డిక్కీలో ఉంచుకుంటే దారిలో బోరు పంపు వైపు చూడాల్సిన పని ఉండదు.

ట్రాఫిక్‌లో ముందు బండి అడుగు కదిలిందని మీరూ అడుగు కదలకండి, కొంచెం జాగా అయ్యాక ఒకేసారి కదలండి. ఎత్తు మీద ఆగితే యాక్సిలరేటర్‌తో బండిని పట్టి ఉంచకుండా బ్రేకు వాడండి. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే న్యూట్రల్‌లో పెట్టండి.

మా తమ్ముడి వరుస పిల్లవాడు నిన్న పొద్దున ఆరింటికి భువనగిరి వెళ్ళాడు, ఒక తెల్ల 2013 జీటీ చూడటానికి. వాళ్ళు ముందే స్టార్ట్ చేసి ఉంచారట. "బానెట్ మీద చెయ్యి పెడితే చాయ్ గ్లాస్ లెక్క వెచ్చగున్నది అన్నా, తిరిగొచ్చిన" అన్నాడు. వచ్చే ఆదివారం ఇంకొకటి చూస్తాడట, ఏపీ 24 నంబరుది.